బావి రాయి మీద పేరు

ఆ రోజు పొద్దున నేను మైకు చేత్తో పట్టుకుని, డెబ్భై ఐదేళ్ళు దాటిన ఒక ముసలావిడను, ఊరి జనం ముందు, ఆవిడ భర్త పేరేమిటో చెప్పమని అడిగాను. ఆవిడ చెప్పలేరని నాకు తెలుసు. పొరపాటున అడిగానని ఇప్పుడు రాస్తే అది ఇంకో తప్పవుతుంది. తెలిసే అడిగాను. జనం నవ్వారు. నవ్వుతారనీ తెలుసు.

ఎనభైల మధ్య సంగతి ఇది. నూజివీడుకీ హనుమాన్ జంక్షన్‌కీ మధ్య ఒక ఊళ్ళో, హైస్కూల్లో నేను సోషల్ మాస్టారిని. నేను చెప్పబోయేదంతా ఒక పేరు గురించే. ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను. రాయాల్సిన చోట ఒకసారి తప్పుగా రాశాను, ఇంకోసారి సరిగ్గా రాశాను. అది చాలు.

చరిత్ర పరీక్షలో పిల్లలు ఎక్కువగా తప్పులు చేసేది ఒకే పేరున్న రాజుల దగ్గర. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఉన్నట్టే రాజుల ఇళ్ళలోనూ ఉండేది. కోట కట్టించింది ఒకడు, అదే పేరుతో ఆ కోట పోగొట్టుకుంది వాడి మనవడు. పిల్లలు ఇద్దర్నీ కలిపేసి, ఒకే మనిషి చేత కోట కట్టించి, వాడి చేతే పోగొట్టించేవాళ్ళు. అందుకని నేనొక పొడుగాటి పుస్తకం పెట్టుకున్నాను. కాలికో గుడ్డ వేసిన అట్ట మీద "ఒకే పేరు – వేరు మనుషులు" అని రాసుకున్నాను. రాజులు, సేనాపతులు, సాధువులు, ఎక్కడెక్కడి వాళ్ళో అందులో ఉండేవాళ్ళు. ఒక్కో పేరు కింద ఎంతమంది ఉంటే అన్ని పేజీలు. పక్క ఊరి మాస్టార్లు కూడా సందేహం వస్తే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ పుస్తకం చూపించడం నాకు ఇష్టంగా ఉండేది.

అందులో మా ఊరి వైపు వాళ్ళకి కూడా ఒక పేరు కింద రెండు పేజీలు ఉండేవి. మొదటాయన జమీందారీ రోజుల్లో తోటల మీద ఉద్యోగి. అంటు మొక్కలు బళ్ళ మీద తెప్పించి ఈ ఎర్ర నేలలో మొదటి మామిడి తోట వేయించింది ఆయనే అంటారు. రెండో ఆయన అరవై ఏళ్ళ తర్వాతి మనిషి, ఖద్దరు కట్టి జైలుకు వెళ్ళినాయన. పంచాయతీ ఆఫీసులో, నూలు దండ వేసిన ఫోటో ఆయనదే. మీటింగుల్లో మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ ఈ ఇద్దర్నీ కలిపేసేవాళ్ళు. "జైలు నుంచి తిరిగొచ్చి మనకీ మామిడి తోటలు వేయించిన మహానుభావుడు" అని ఎవరో ఒకరు అనేవారు. నేను లేచి నిలబడి, "అయ్యా, ఇద్దరూ వేరండి" అనేవాణ్ణి. ఆ సరిదిద్దడంలో ఒక తియ్యదనం ఉండేది. దాని రుచి మరిగాను.

ఊరి బయట, బళ్ళు మెరక ఎక్కే చోట, రోడ్డు పక్కన ఒక పాత బావి ఉంది. బోరింగు పంపు పడ్డాక ఆ బావిని ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడాది పంచాయతీ వాళ్ళు పూడిక తీయించి, కొత్త గట్టు కట్టించి, ఒక రాయి పెట్టాలనుకున్నారు. పాత గట్టు సున్నం మీద ఎవరో పుల్లతో గీసిన పేరు ఒకటి కనిపించింది. ఇంటి పేరు లేదు, ఏడాది లేదు, ఉత్త పేరే. అదే పేరు.

ప్రెసిడెంటు గారు, అంటే మా సర్పంచి, ఆ జైలుకు వెళ్ళినాయనకి మనవడు. తాత పేరే ఆయనకీ పెట్టారు. నన్ను పిలిచి, "మాస్టారూ, చరిత్ర మనిషి మీరే కదా. రాయి మీదకి రెండు ముక్కలు రాసివ్వండి" అన్నారు. నేను ఇంటికొచ్చి పుస్తకం తీశాను. గట్టు కట్టిన తీరు, అక్షరాల తీరు మొదటాయన కాలం నాటివి కావు. కాబట్టి రెండో ఆయనే. పది నిమిషాల్లో తేల్చేశాను. మూడో మనిషి ఉండొచ్చని తట్టలేదు. పుస్తకంలో ఉన్నవి రెండు పేజీలే మరి.

ఏప్రిల్లో, పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే, ఆవిడ మా ఇంటికి వచ్చారు. తోటల చివర చిన్న పెంకుటింట్లో ఒక్కరే ఉండే ముసలావిడ అని ముఖం తెలుసు, అంతే. చేతిలో చిన్న బుట్ట, అందులో గాలికి రాలిన పచ్చికాయలు నాలుగు.

"పప్పులో వేసుకోండమ్మా" అని బుట్ట మా ఆవిడ చేతికిచ్చి, గుమ్మం పక్కన కూర్చున్నారు. "ఆ మెరక మీద బావికి రాయి పెడుతున్నారంట కదా నాయనా?"

"అవునండి మామ్మగారూ."

"అది మా ఇంటాయన తవ్వించింది."

నేను ఎర్ర పెన్ను కింద పెట్టలేదు. "మీ వారి పేరేంటండీ?"

ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అదే. గట్టు మీద గీసుందే, అదే. పంచాయతీలో ఫోటో ఉందే, ఆయనదీ అదే. ఈయన వేరు నాయనా. మామిడి బళ్ళు తోలేవాడు."

నాకు అర్థం కాలేదని చెప్పలేను. బాగానే అర్థమైంది. నమ్మలేదు. రాయి పెడుతున్నారంటే ఏ ఇంటి ముసలమ్మయినా మాదే అంటుంది అనుకున్నాను.

"ఏమైనా కాగితం ఉందా అండీ?"

"బావికి కాగితం ఏంటి నాయనా?" అన్నారు ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోతూ.

లోపల్నుంచి మా ఆవిడ నవ్వింది. నాకు చిన్నతనంగా అనిపించింది. "చూస్తాలెండి" అన్నాను. ఆవిడ లేచారు. లేచాక కూడా గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడి, "ఆయనది ఆయనకి రాయండి నాయనా. ఇంకేం వద్దు" అన్నారు.

నేను చూడలేదు. ఊళ్ళో పాత బళ్ళవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే సరిపోయేది. సైకిలేసుకుని ఓ సాయంత్రం తిరిగితే తేలిపోయేది. కానీ నేను రాసిచ్చిన ముక్కలు అప్పటికే రాయి చెక్కేవాడి దగ్గర ఉన్నాయి. ప్రెసిడెంటు గారితో "సందేహమే లేదండి" అని చెప్పి ఉన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం నాకు ఇష్టం లేదు. కారణం అదొక్కటే.

మే నెలలో, ఎండ ముదరకముందే, తొమ్మిదింటికి షామియానా వేశారు. గుడ్డ తీశాక నేను మైకులో చదివాను. స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్ళిన ఫలానా వారు బాటసారుల దాహార్తి తీర్చడానికి తవ్వించిన బావి అని. దాహార్తి అనే మాట వేసినందుకు నాలో నేనే మురిసిపోయాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఆవిడ లేచి ముందుకొచ్చారు.

"అది కాదు నాయనా. ఆయన కాదు."

ప్రెసిడెంటు గారు నా వైపు చూశారు. ముందు వరసలో ఎవరో, "ఏంటంట మామ్మా?" అన్నారు. ఇంకొకడు, "అదే పేరుగా మామ్మా! మీ ఆయనే అనుకో, పోయేదేముంది!" అన్నాడు. నవ్వులు.

"పేరు అదే అయ్యా. మనిషి ఆ మనిషి కాదు" అన్నారు ఆవిడ.

ఎంత చిన్న మాట అది! నా కాలికో పుస్తకం మొత్తం ఆ మాట మీదే నడిచింది. ఏళ్ళ తరబడి నేను పిల్లల చేత చెప్పించింది అదే. అయినా ఆ క్షణంలో నాకు కనిపించింది, జనం ముందు నన్ను సరిదిద్దుతున్న ఒక మనిషి. నేను నలుగురి ముందు లేచి ఎంతమందిని సరిదిద్దానో, వాళ్ళందరికీ ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది. తెలిసి ఊరుకుంటే బాగుండేది. మైకు ఆవిడ నోటి దగ్గరికి జరిపాను.

"సరే మామ్మగారూ. మీ వారి పేరేంటో అందరూ వినేలా చెప్పండి. అదీ చెక్కిద్దాం."

ఆవిడ పెదవులు కదిలాయి. స్తంభానికి కట్టిన మైకు గొట్టంలోంచి ఆవిడ ఊపిరి మాత్రం మెరక చివరిదాకా వినపడింది. వెనకనుంచి ఒక కుర్రాడు అరిచాడు: "పెళ్ళిలో గుమ్మం దగ్గర చెప్పే ఉంటావుగా మామ్మా! అలాగే ఇప్పుడూ చెప్పు!"

అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా. ఆవిడ కొత్త గట్టు మీద ఒకసారి చెయ్యి వేసి, చెంగు తలమీదకి లాక్కుని, ఎండలో పడి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మా ఆవిడ అన్నం పెట్టింది. మామిడికాయ పప్పు. పక్కన కూర్చోలేదు, విసనకర్ర తీయలేదు. రెండు ముద్దలు తిన్నాక నేనే అడిగాను, ఏంటి సంగతని.

"ఆ మైకు నా నోటి దగ్గర పెడితే నేను చెబుతానా?" అంది.

మా అమ్మ గుర్తొచ్చింది. జనాభా లెక్కల వాళ్ళు వచ్చి ఇంటి యజమాని పేరు అడిగితే, మా అమ్మ నా వైపు తిరిగి కళ్ళతోనే చెప్పమనేది. నాన్న పేరు నేను చెప్పేవాణ్ణి. ఆ పేరే ఉన్న దేవుణ్ణి కూడా అమ్మ పేరు పెట్టి తలచుకునేది కాదు, 'స్వామి' అనేది. ఆ అమ్మ కొడుకుని నేను. ఊళ్ళో ఇంకెవరు అడిగినా తెలియక అడిగారనుకోవచ్చు.

మా ఆవిడ కూడా నా పేరు గుమ్మం దగ్గర ఆ ఒక్కసారే అంది. తర్వాత అంతా "ఏమండీ"యే. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. ఏమండీ అనేవాళ్ళు లేరు. వీధిలో ఏ ఇంట్లోంచి ఆ మాట వినపడినా నా తల అటు తిరుగుతుంది. నాకు కాదని తెలిసీ తిరుగుతుంది. ఆ ముసలావిడ మర్నాడు నాతో చెప్పిన సంగతి నాకు పూర్తిగా అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ వసారాలో కూర్చుని, మాగ వేసిన కాయల మీద గడ్డి తొలగించి, పండినవి ఏరుతున్నారు. ఇల్లంతా రసాల వాసన.

"తప్పు చేశాను మామ్మగారూ" అన్నాను నిలబడే.

"ఎండన పడొచ్చావు, కూర్చో" అన్నారు. ఒక పండు తీసి, చెంగుతో తుడిచి, మెత్తగా పిసికి, ముచ్చిక తీసి నా చేతిలో పెట్టారు. నేను అది తినకుండా పట్టుకుని కూర్చున్నాను. "తిను. తిన్నాక అడుగు. నిన్న అడిగినట్టు కాదు" అన్నారు. తిన్నాను.

తర్వాత ఆవిడే చెప్పారు.

"అప్పట్లో లారీలేవి నాయనా? కాయంతా బళ్ళ మీదే పోయేది. ఆ మెరక దగ్గరికొచ్చేసరికి ఎడ్లు నురగలు కక్కేవి. చుక్క నీళ్ళుండేవి కాదు. ఒక ఏడు, ఇదిగో ఇలాంటి ఎండల్లోనే, మా ఎడమ ఎద్దు అక్కడే కాడి కింద కూలిపోయింది. ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు, బావి తవ్వుతానన్నాడు. ఆ ఏడు తోట గుత్తకి తీసుకోలేదు. పిచ్చి పట్టిందని మా అత్త తిట్టింది. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని తనే దిగి తవ్వాడు."

"లోపల రాళ్ళు కూడా ఆయనే కట్టించారా అండీ?"

ఆవిడ నవ్వారు. అంతసేపటికి మొదటిసారి. "ఆ సంగతి అడుగు! దిగడానికి రాళ్ళు పెట్టుకుంటూ వచ్చారు కదా, అన్నిటికన్నా అడుగున ఒక మెట్టుకి రాయి చాల్లేదు. నేనిక్కడ కందులు విసురుతున్నాను. సగం విసిరాను. ఆయనొచ్చి, కాస్త జరుగు అన్నాడు. జరిగాను. పై రాయి తీసి పక్కన పెట్టి, కందులు నేలమీద ఒలకబోసి, తిరగలి కింద రాయి భుజాన వేసుకుని పోయాడు!"

"మీరేం అన్లేదా?"

"అనకుండా ఉంటానా? అప్పట్నుంచీ పక్కింటికెళ్ళే విసురుకున్నాను. వెళ్ళినప్పుడల్లా అన్నాను. కొత్త తిరగలి కొంటానన్నాడు, కొనలేదు. ఈ పై రాయి మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వలేదు. ఏదో ఒకనాడు రెండూ కలుపుదాంలే అనేవాడు."

పై రాయి గుమ్మం పక్కనే ఉంది. దాని మీద నీళ్ళ కడవ పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళుగా కడవ అడుగు ఆని, రాయి మీద ఒక నల్లటి గుండ్రం పడింది.

"రాయి మీద పేరు చెక్కిస్తే నాకొచ్చే గొప్ప ఏముంది నాయనా, చదవనైనా రాదు" అన్నారు. చేతులు కాయల్ని తిప్పుతూనే ఉన్నాయి. "ఆయన ఉన్నప్పుడు తెల్లారుజామున బళ్ళవాళ్ళు వీధిలోంచి పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నేను లోపల్నుంచి వినేదాన్ని. నేను అనేదాన్ని కాదు కానీ వినేదాన్నిగా. ఆయన పోయాక కూడా ఆ పేరు వినపడుతూనే ఉంది. వినపడగానే చెవి అటు పోద్ది. తీరా చూస్తే ఫోటోలో ఆయన సంగతి చెప్పుకుంటూ ఉంటారు. లేపోతే ప్రెసిడెంటుని పిలుస్తూ ఉంటారు. నిన్న నువ్వు మైకులో చదివినప్పుడు కూడా, మొదట పేరు వినపడగానే..."

చేతిలో కాయ కింద పెట్టారు. "ఒక్కసారి, ఆయన్నే అనుకుని ఎవరన్నా పిలిస్తే వినాలనుంది" అన్నారు.

నేను తిన్నగా బావి దగ్గరికి వెళ్ళాను. మేస్త్రి గట్టుకి నీళ్ళు కొడుతున్నాడు. దిగుతానంటే నవ్వి, నడుముకి తాడు కట్టాడు. పూడిక తీశారు కాబట్టి మెట్లన్నీ బయటపడి ఉన్నాయి. గోడలోంచి పొడుచుకొచ్చిన పలక రాళ్ళు, ఒకదాని కింద ఒకటి. నీటికి జానెడు పైన, చివరి మెట్టు మాత్రం పలక కాదు. గుండ్రటిది. సగం గోడలోకి, సగం బయటికి. నాచు గీకాను. పైన గాట్లు చేతికి తగిలాయి, నడిమి నుంచి అంచు దాకా. నడిమిలో గుంట. అందులో వేలు పెట్టాను.

పేజీల్లో వెతికే మనిషిని నేను. ఒక మనిషి ఉన్నాడనడానికి రుజువు వేలికి తగలడం నాకు అదే మొదలు. పాదాలు నీళ్ళలో పెట్టుకుని ఆ రాయి మీద కూర్చున్నాను. పైన ఆకాశం పళ్ళెమంత కనిపిస్తోంది. ఎంతసేపు కూర్చున్నానో, మేస్త్రి తాడు లాగి, "ఉన్నారా మాస్టారండీ?" అని కేకేశాడు.

ప్రెసిడెంటు గారి ఇంటి ముందు లారీకి కాయ ఎత్తుతున్నారు. సంగతంతా చెప్పాను. ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు.

"బాగానే ఉంది మాస్టారూ. సందేహమే లేదని మొన్న చెప్పింది మీరే, కాదని ఇవాళ చెప్పేదీ మీరే. ఇప్పుడేం చేద్దామంటారు? ఇంకో రాయి పెడితే దాని మీద కూడా అదే పేరు. చూసినవాళ్ళు, పంచాయతీకి పిచ్చెక్కి ఒకే పేరు రెండుసార్లు చెక్కించారనుకుంటారు. ఎవరైతే ఏంటండీ? పేరైతే ఉందిగా!"

"పేరు ఉందండి. మనిషి లేడు" అన్నాను. ఆ మాట నాది కాదు, ఆవిడ దగ్గర అప్పు తెచ్చుకున్నది.

ఆయన విసుగ్గా లారీ వైపు తిరిగారు. నేను పోలేదు. అక్కడే నిలబడి, "ప్రెసిడెంటు గారూ, మీ మామ్మగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారండీ?" అని అడిగాను.

ఆయన గంపల లెక్క చెబుతున్నవాణ్ణి ఆగమని చెయ్యి చూపించారు. "చచ్చిపోయేదాకా 'బాబూ' అనే అంది మాస్టారూ. తాతయ్య పేరు నాకు పెట్టారుగా, ఎలా అంటుంది? నన్ను బళ్ళో వేసిన రోజు మీలాంటి మాస్టారే ఎవరో, పిల్లాడి పేరేంటమ్మా అని అడిగితే, నా వీపు మీద తట్టి 'నువ్వే చెప్పు బాబూ' అంది. అదే ఆవిణ్ణి మైకులో చెప్పమని ఉంటే..." అని ఆగి, నిన్న తనూ నవ్విన సంగతి గుర్తొచ్చిందేమో, తల దించుకున్నారు. "తాతయ్యకి ఫోటో ఉంది. బజారుకి ఆయన పేరే ఉంది. బావి కూడా ఎందుకులెండి. కానీ జనానికి నేను చెప్పను. మీరే చెప్పుకోవాలి."

"నేనే చెబుతానండి."

కొత్త రాయి ఎక్కణ్ణుంచి తెద్దామా అని మేస్త్రిని అడిగితే, వాడు రాయి చుట్టూ తిరిగి చూసి, "కొత్తదెందుకండీ? వెనక్కి తిప్పి పెడితే సరిపోద్ది. వెనకా నున్నగానే ఉంది" అన్నాడు. అలాగే చేశాం. దాహార్తితో సహా నేను రాసిందంతా ఇప్పటికీ ఆ రాయికి వెనకవైపు, గట్టుకి ఆని, ఉంది. ముందువైపు ఈసారి మామూలు మాటలే రాశాను. ఇంటి పేరుతో సహా పేరు, కింద 'మామిడి బండి తోలేవారు' అని. ఎడ్లకు నీళ్ళు లేవని ఈ బావి తవ్వారని, చివరి మెట్టు వాళ్ళింటి తిరగలి రాయని. అంతే.

చెక్కే పని జరుగుతుండగా నేను ఏప్రిల్లోనే చేయాల్సిన పని చేశాను. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అడిగితే, ఆయనతో కలిసి బళ్ళు తోలినవాళ్ళలో ఒక్కడే మిగిలాడని, చింతలపూడి వైపు కూతురి దగ్గర ఉంటున్నాడని తెలిసింది. రెండు బస్సులు మారి వెళ్ళాను. నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. చూపు సరిగ్గా ఆనదు. నేను పేరు చెప్పగానే, "ఏ ఆయన? జైలాయనా?" అన్నాడు. "కాదు, బావి తవ్వినాయన" అన్నాను. లేచి కూర్చున్నాడు. "వాడా!" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఉన్న చనువు నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. కూతురు వద్దంటున్నా వినకుండా మర్నాడు నాతో బస్సెక్కాడు.

ఈసారి షామియానా లేదు. అదే మైకు, అదే గొట్టం నేనే తెప్పించాను. నవ్వినవాళ్ళంతా వచ్చారో లేదో తెలియదు. వచ్చినవాళ్ళకి మొత్తం చెప్పాను. ఆవిడ ముందే నాకు చెప్పారని, నేను వెళ్ళి అడగలేదని, పలకలేరని తెలిసే పేరు చెప్పమన్నానని. ఆవిడ వైపు తిరిగి, క్షమించండి మామ్మగారూ అన్నాను. ఆవిడ ఆ మాట విననట్టు రాయి వైపు చూస్తున్నారు.

"చదువు నాయనా" అన్నారు.

చదివాను. "ఇంకోసారి" అన్నారు. మళ్ళీ చదివాను. మూడోసారి చదవబోతుంటే, పక్కనే కుర్చీలో కూర్చున్న ఆ ముసలి బండివాడు చెయ్యి చాపి మైకు లాక్కున్నాడు. దాన్ని నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, వీధిలో బండి ఆపి పిలిచినట్టే, పేరు పెట్టి, గొంతెత్తి కేకేశాడు.

"ఒరేయ్... బండి కట్టావా లేదంట్రా? తెల్లారిపోతంది!"

గొట్టంలోంచి ఆ కేక తోటల్లోకి వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ చప్పున అటు తిరిగి, మా అందరికీ వీపు పెట్టి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. లోపల్నుంచి వింటున్నట్టు.

చాలాసేపటి తర్వాత, జనం వెళ్ళిపోయాక, నా సైకిల్ దగ్గరికి వచ్చి, "బడి తెరిచాక మా ఇంటి ముందు నుంచేగా నాయనా వెళ్తావు?" అని అడిగారు. అవునన్నాను. ఆవిడ తల ఊపి ఇంటివైపు నడిచారు.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ ఇంటి ముందు సైకిల్ దిగాను. తలుపు ఓరగా వేసి ఉంది. 'ఒరేయ్' అనే చనువు నాకు లేదు కాబట్టి, ఆయన పేరు పెట్టి, చివర 'గారూ' అని చేర్చి, వీధిలో నిలబడి గట్టిగా పిలిచాను. లోపల్నుంచి కడవ మీద మూత సర్దిన చప్పుడు వినపడింది. మర్నాడూ పిలిచాను. ఆ తర్వాత నాకు బదిలీ అయ్యేదాకా, రెండేళ్ళు, బడి ఉన్న ప్రతి పొద్దునా పిలిచాను. ఊరు వదిలి వెళ్ళే రోజు బస్సుకి టైమవుతున్నా అటు తిరిగి వెళ్ళి, సామాను కింద పెట్టి, ఇంకోసారి పిలిచి వెళ్ళాను.